పరాయి మొలకకు కట్టిన బొడ్డుపోగు

మేఘవంక రాజ్యానికి ఆ ఏడు వింత కష్టం వచ్చింది. వానలు వేళకు పడ్డాయి. పంటలు ఇళ్ళకు చేరాయి. పొలిమేరల్లో శత్రువు జాడ లేదు. అయినా కోటలో వంటశాల మొదలు గుర్రాలశాల దాకా ఎవరి నోటా పెద్దగా మాట రావడం లేదు. ధీరకేతు మహారాజు కూతురు కనకవల్లికి ఒంట్లో నెత్తురు ఊరడం ఆగిపోయింది.

కనకవల్లికి పదిహేడేళ్ళు. పొగ పెట్టకుండా తేనెపట్టు దింపగల పిల్ల. అలాంటి పిల్ల ఒకనాడు వేటలో దాహమేసి, శుష్కి అనే పిశాచి కాపురముండే మడుగులో దోసెడు నీళ్ళు తాగింది. మనిషి ఎముకల్లో నెత్తురు పుట్టే ఊటలుంటాయి. శుష్కి వాటిని ఒక్కొక్కటిగా పీల్చేసింది. నెల తిరగకుండానే కనకవల్లి పెదవులు సున్నం కొట్టిన గోడలా తెల్లబడ్డాయి. మంచం నుంచి కిటికీ దాకా నడవాలంటే మధ్యలో రెండుసార్లు ఆగవలసి వచ్చేది.

ఆస్థాన వైద్యుడు నాగార్యుడు తనకు తెలిసిన మూలికలన్నీ వాడి చూశాడు. ఆఖరికి ఒక మధ్యాహ్నం యువరాజు రణకేతుణ్ణి తన మందుల గదికి ఒంటరిగా పిలిపించాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టగానే మంత్రసాని బొడ్డు కోసి, ఆ బొడ్డు నెత్తుటిలో ఒక నూలుపోగు తడిపి, ఆరబెట్టి రాగి భరిణెలో దాస్తుంది. దాన్ని బొడ్డుపోగు అంటారు. నాగార్యుడు అన్నాచెల్లెళ్ళ పోగులు రెండూ తెచ్చి నీళ్ళ పళ్ళెంలో వేశాడు. అవి కాసేపు దేని దారిన అది తేలాయి. తర్వాత పాముపిల్లల్లా మెలికలు తిరిగి ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకున్నాయి.

“చూశారా యువరాజా! తోబుట్టువులైనా నలుగురిలో ఒకరికి కలిస్తే గొప్ప. తమకు కలిశాయి,” అన్నాడు నాగార్యుడు.

“కలిస్తే ఏమవుతుంది?”

“తమ నడుము ఎముకలో ఆదిమొలకలు ఉంటాయి. ఎక్కడ నాటితే అక్కడిదై పెరిగే మొలకలు. బోలు సూదితో కాసిన్ని తీసి అమ్మాయిగారి ఒంట్లో నాటితే మళ్ళీ ఊటలు పడతాయి. తమకు పోయినవి నెల తిరిగేసరికి మళ్ళీ పుడతాయి.”

వైద్యుడు గుడ్డ విప్పి సూది చూపించాడు. అది జానెడు పొడవుంది.

రణకేతుడు పిరికివాడని ఆ దేశంలో ఎవరూ అనలేరు. పులిని ఈటెతో ఎదుర్కొన్నవాడు. కానీ కత్తికి ఎదురు నిలబడటం వేరు, బోర్లా పడుకుని వెనకనుంచి వచ్చే సూదికి ఒళ్ళప్పగించడం వేరు. అతను సూది మీదినుంచి చూపు తిప్పుకున్నాడు. నాగార్యుడు ఇంకా ఏదో చెబుతున్నాడు. “ఇష్టం లేనివాడి ఎముక ముట్టకూడదని మా వైద్యుల ఒట్టు. అందుకే ముందు తమరినే అడుగుతున్నాను. తమరు చెప్పమనేదాకా ఇది మూడో చెవిన పడదు.”

“నాగార్యులవారూ, నల్లకొండల అవతల కరాళుడనే రాక్షసుడి దగ్గర ఆదిమొలకలు కుండలకొద్దీ ఉన్నాయంటారు, నిజమేనా?” అన్నాడు రణకేతుడు.

“ఉన్నాయంటారు. ఎవరెవరివో.”

“అవి తెస్తాను. రాక్షసుణ్ణి గెలిచి తెస్తాను!”

నాగార్యుడు అతని ముఖంలోకి కొంతసేపు చూసి, సూదిని గుడ్డలో చుట్టేశాడు. ఆ చూపు రణకేతుడికి సూదికంటే లోతుగా దిగింది. ముసలాయన అటు తిరగగానే అతను పళ్ళెంలోంచి తన పోగును విడదీసి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆ క్షణాన అతనికే తెలియదు.

మర్నాడు ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. చెల్లెలి కోసం రాక్షసుడి మీదికి వెళ్తున్న అన్నను చూసి ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. లోకం అంతే, పొగడటానికి ఉన్న తొందర సంగతేమిటని అడగటానికి ఉండదు. కనకవల్లిని కూడా కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి మోసుకొచ్చారు.

“నాకోసం అంతదూరం వెళ్తున్నావా అన్నా?” అంది.

రణకేతుడు వంగి, బాగానే ఉన్న రికాబును రెండోసారి సర్దుకున్నాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు.

పన్నెండు రోజులు అడవిలో నడిచాక గుర్రం ఒక లోయ అంచున ఆగిపోయింది. అడుగు కనిపించని లోయ. వంతెన లేదు. అవతలి గట్టు మూడు తాటిచెట్ల దూరంలో ఉంది. పక్కనున్న బండ కదిలినట్టయింది. చూస్తే అది బండ కాదు, ఏనుగంత ముసలి బల్లి, గౌళి. ఎండకు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది.

“టక్, టక్,” అంది గౌళి. “ఎవరు బాబూ, నా నిద్ర మీద నీడ పడేసింది?”

“దారి తప్పి రాలేదు అవ్వా. లోయ దాటాలి.”

“దాటాలంటే వంతెన కావాలి. ఉండు మరి.”

గౌళి అవ్వ ఒళ్ళు ఒక్కసారి విదిలించింది. ఆమె తోక మొదలంటా తెగి, ఎగిరి, సాగి, లోయకు అడ్డంగా పడింది. రణకేతుడు అదిరిపడి వెనక్కి గెంతాడు.

“నొప్పి పుట్టలేదా అవ్వా?”

“పుట్టకేం? పుట్టింది. పొద్దు వాలేసరికి కొత్తది మొలుస్తుంది. దీనికింత నోరు తెరుస్తావేం? మీకు మాత్రం ఎముకల్లో లేవూ మొలకలు? ఇంతకీ ఎవరి కోసం పోతున్నావు?”

“మా చెల్లెలి కోసం. కరాళుడి దగ్గర ఆదిమొలకలు తేవాలి.”

“అయ్యో తల్లి! ఇంట్లో ఒక్కరి పోగూ కలవలేదా?”

రణకేతుడు తన మొలలో దాచుకున్న పోగును గుడ్డ పైనుంచే తడిమాడు. “కలవలేదు అవ్వా,” అన్నాడు.

గౌళి అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పాపం, ఎంత కష్టపడుతున్నావు నాయనా!” అని తన దవడ కింద నుంచి ఒక కాటుక కాయ తీసి ఇచ్చింది. “ఇది రాసుకుంటే ఆవగింజలో ఆవగింజవై మనిషి ఒంట్లోకి పోయి చూడగలవు. మూడుసార్లకే వస్తుంది. అవసరపడుతుంది, ఉంచుకో.”

రణకేతుడు గుర్రాన్ని నడిపించుకుంటూ ఆ తోక మీద లోయ దాటాడు. అది ఇంకా వెచ్చగా, వణుకుతూ ఉంది. ఆమె తిట్టినా బాగుండేది. ఆ జాలి అతని వీపుకు అంటుకుని నల్లకొండల దాకా వెంట వచ్చింది.

కొండల్లో అతనికి కష్టాలు రాకపోలేదు. రాళ్ళు దొర్లించే భూతాలతో ఒకరోజు, నిప్పులు కక్కే గబ్బిలాలతో ఒకరోజు పోరాడాడు. వాటిని సులభంగానే గెలిచాడు. కత్తి తిప్పుతున్నంతసేపూ అతనికి హాయిగా ఉండేది. కత్తి ఒరలో పెట్టగానే నాగార్యుడి చూపు గుర్తొచ్చేది.

కరాళుడి గుహ ముందు నిలబడి, “ఓరి రాక్షసా! ప్రాణాల మీద ఆశ ఉంటే బయటికి రా!” అని గర్జించాడు.

లోపలినుంచి తాటిచెట్టంత రాక్షసుడు నడుము పట్టుకుని వచ్చాడు. చేతిలో నీళ్ళు చిలకరించే చెంబు ఉంది. అతని వెనక గుహనిండా కుండలు, కుండలనిండా ముత్యాల్లా మెరిసే మొలకలు.

“అరవకురా, మొలకలు బెదురుతాయి. కత్తి లోపల పెట్టు, చెయ్యి తెగుతుంది. నీకు మొలకలేగా కావాలి? పట్టుకుపో.”

“యుద్ధం చెయ్యవా?”

“దేనికి? నాకు వీటితో పనేముంది, నీళ్ళు పోయలేక చస్తున్నాను. ఒక్క మాట చెప్పు. ఇంట్లో ఎవరిదీ కలవలేదా?”

“కలవలేదు.”

కరాళుడు గుహ అదిరేలా నవ్వాడు. “నీకు ముందు పదకొండుమంది వచ్చారు. పదకొండుమందికీ కలవలేదట! ఏం దేశాలురా మీవి, ఒక్క ఇంట్లోనూ ఒకరికొకరు కలవరు!”

రణకేతుడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. రాక్షసుడు ఒక కుండ అతని చేతిలో పెట్టి, నవ్వు ఆపి చెప్పాడు: “మొలకల్లో లోపం లేదు. కానీ అవతల ఒంట్లో కావలివాళ్ళు ఉంటారు చూడు, వాళ్ళు నా మాటా వినరు, నీ మాటా వినరు. తమ ఇంటిదా కాదా అన్నదొక్కటే చూస్తారు. తర్వాత నన్ను అనొద్దు.”

తిరుగుదారిలో రణకేతుడికి ఒక ఉపాయం తోచింది. ఇంటివాడి గుర్తేగా వాళ్ళు చూసేది? మొలలోంచి తన బొడ్డుపోగు తీసి కుండలో మొలకల మీద చుట్టాడు. పోగు పీచులు పీచులుగా విడిపోయి, ఒక్కో మొలక నడుముకూ ఒక్కో సన్నని ఎర్రపీచు చుట్టుకుంది. మామూలు కంటికి అది ఆనదు. తన తెలివికి తనే మురిసిపోయాడు. తర్వాత ఒక బండరాయి తీసుకుని తన డాలును నాలుగుచోట్ల తనే సొట్టలు కొట్టాడు. రాక్షసుడితో పోరాడి వచ్చినవాడి డాలు నున్నగా ఉంటే బాగుండదు కదా.

ఆ సొట్టలు చూసి ఊరు మురిసింది. భట్రాజులు అప్పటికప్పుడు పాట కట్టారు. నాగార్యుడు మాత్రం ఏమీ అడగకుండా మొలకలు తీసుకుని కనకవల్లి చేతినరం గుండా ఒంట్లో నాటాడు. నాలుగో రోజుకు ఆమె చెంపలకు రంగు వచ్చింది. ఎనిమిదో రోజుకు మెట్లు దిగింది. తొమ్మిదో రోజు ఒళ్ళు కాలిపోతూ మంచాన పడింది.

రణకేతుడు గది తలుపు మూసి కాటుక రాసుకున్నాడు. కన్ను మూసి తెరిచేసరికి అతను ఒక మహానగరంలో ఉన్నాడు. అదే కనకవల్లి ఒళ్ళు, తొమ్మిది వాకిళ్ళ కోట. ఎర్రచొక్కాల బోయీలు ఊపిరిని కావళ్ళలో మోసుకుని నెత్తుటి కాలవల వెంబడి పరుగెత్తుతున్నారు. పదిమంది ఉండాల్సిన చోట ఇద్దరే ఉన్నారు. ఎముకల వాడలో మొలకలు నాటిన మడి తొక్కేసి, చిందరవందరగా ఉంది. దాని గట్టు మీద తెల్లపాగాలు చుట్టుకున్న కావలివాళ్ళు కర్రలు ఆనించి చెమట తుడుచుకుంటున్నారు.

“ఆగు! ఎవులు నువ్వు? ఎవలి తాలూకు?” అంటూ వాళ్ళ పెద్ద అడ్డం వచ్చాడు. కోరమీసాల ముసలివాడు. పేరు తలారి సూరప్పడు.

“నేను ఈ అమ్మాయికి అన్నను. ఎంత పని చేశారయ్యా! మీ అమ్మాయిని బతికించడానికి తెచ్చిన మొలకల్ని మీరే చంపుతారా?”

“మాకేటి తెలుసు బాబూ బతికించడానికో సంపడానికో! మొదట్లో ఇసుమంత ఉన్నాయి, ముకమూ లేదు, ముక్కూ లేదు. పోనీలెద్దూ పసికూనలు, అని వొగ్గీసినాం. పెరిగినాక గదా ముకాలు తేలినాయి! మన ఊరి ముకం ఒక్కటీ లేదు. పరాయోడు లోపల జొరబడితే సూసి ఊరుకోడానికేనా మాకు కూడెడతన్నారు?”

“వాటికి ఇంటి పోగు కట్టి ఉంది కదా, చూడలేదా?”

సూరప్పడు పాగా అంచులోంచి ఒక ఎర్రపీచు తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. “సూసినాం. అక్కడే మాకు మంటెక్కింది. పోగు మనదే. నికార్సయిన ఇంటి పోగు. మనిషే కాడు. ఒకడి పోగు ఇంకోడు కట్టుకొస్తే దొంగనకుండా ఏటంటాం? ఈ పోగు కలిగినోడు ఏడి బాబూ? ఆడు రాకుండా పోగెందుకు పంపించినాడు? సచ్చిపోయినాడా?”

రణకేతుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. “దూరాన ఉన్నాడు,” అని గొణిగి బయటికి వచ్చేశాడు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. కానీ సిగ్గుకు ఒక చెడ్డగుణం ఉంది, ఒకసారి దాచినవాడు రెండోసారి ఇంకా లోతుగా దాస్తాడు. అతను నాగార్యుడి మీద కేకలేశాడు. “కుండలో సగం మొలకలు మిగిలే ఉన్నాయి. ఆ కావలివాళ్ళను నిద్రపుచ్చండి. తర్వాత నాటండి.”

“నిద్రమందు ఉంది యువరాజా. కానీ వాళ్ళు కాచేది ఒక్క మొలకల మడినే కాదు. తొమ్మిది వాకిళ్ళూ వాళ్ళే కాస్తారు.”

“నేను చెప్తున్నాను, పోయండి.”

మందు పోశారు. మొలకలు అడ్డులేకుండా ఏపుగా పెరిగాయి. కనకవల్లి చెంపలు మళ్ళీ ఎర్రబడ్డాయి, భట్రాజుల పాటకు ఇంకో చరణం చేరింది. అయిదో నాడు తోటలో ఆమె కాలి బొటనవేలికి గులాబి ముల్లు గుచ్చుకుంది. అంతే. ఇంకెవరికైనా ఉమ్మి రాస్తే పోయే గాయం. పొద్దు గుంకేలోపు కాలు మోకాలిదాకా వాచి, మాట తడబడింది.

రణకేతుడు రెండోసారి కాటుక రాసుకుని కత్తి దూసి దూకాడు. బొటనవేలి దగ్గర ముల్లు పొడిచిన చోట కొత్త వాకిలి బార్లా తెరిచి ఉంది. అందులోంచి చీమలబారులా జ్వరపిశాచాలు లోపలికి వస్తున్నాయి. అతను నిజంగా పోరాడాడు. ఇంతకాలానికి మొదటిసారి అబద్ధంలేని యుద్ధం చేశాడు. నూరింటిని నరికితే వెయ్యి వచ్చాయి. వీధి అరుగుల మీద కావలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని గుర్రుపెడుతున్నారు.

అతను సూరప్పణ్ణి భుజాలు పట్టి కుదిపాడు. “లే తాతా! వాకిలి పోయింది!”

ముసలివాడు కళ్ళు తెరిచాడు. కర్ర అందుకోబోతే చెయ్యి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. చెయ్యి పక్కకు జారిపోయింది. అతని కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

“ఎలా లెగను బాబూ? ఈ పిల్ల తల్లికడుపులో ఉన్నప్పటినుంచీ కాసినోణ్ణి. ఒక్కనాడు కునుకు తియ్యలేదు. నువ్వే గదా మందు పోయించినావు.” ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అన్నాడు. “ఆ పోగు కలిగినోడు వొచ్చుంటే మేం తలుపు తీద్దుం. ఆడి కోసమే సూత్తన్నాం. ఏడాడు?”

“నేనే,” అన్నాడు రణకేతుడు.

సూరప్పడికి వెంటనే అర్థం కాలేదు. అతని ముఖంలోకి తేరిపార చూశాడు. ముక్కు చూశాడు, గడ్డం చూశాడు. తిడతాడేమో, ఉమ్మేస్తాడేమో అని రణకేతుడు ఎదురుచూశాడు. ముసలివాడు ఆ రెండూ చెయ్యలేదు.

“నువ్వా? మరి ఇంత దగ్గిరే ఉన్నావు గదా బాబూ,” అన్నాడు.

రణకేతుడు కత్తి అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాడు.

మంచం చుట్టూ మహారాజు, నాగార్యుడు ఉన్నారు. “మందు ఆపండి. కావలివాళ్ళను లేపండి. కాలికి పట్టు వెయ్యండి. తర్వాత నా ఎముకలోంచి తీయండి,” అన్నాడు రణకేతుడు రొప్పుతూ. తర్వాత మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “చెల్లీ, మన పోగులు కలిశాయి. మొదటి రోజే కలిశాయి. నాకు తెలుసు. సూదికి భయపడ్డాను. రాక్షసుడితో యుద్ధమూ లేదు, గిద్ధమూ లేదు. వాడు ఊరికే ఇచ్చాడు.”

కనకవల్లి కళ్ళు జ్వరంతో మెరుస్తున్నాయి. “ఎన్నాళ్ళయింది?” అంది.

“ఎనభై నాలుగు రోజులు.”

ఆమె కష్టం మీద తల తిప్పి గోడవైపు చూస్తూ పడుకుంది. మహారాజు ఒక చేత్తో కొడుకు జుట్టు పట్టుకోబోయి, ఆగి, ఆ చేతిని తన నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కావలివాళ్ళు లేచి, కర్రలు తిప్పి, జ్వరపిశాచాలను వాకిలి బయటికి తరిమేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ ఊపులోనే కరాళుడి మొలకలూ పోయాయి. ఏడో రోజున రణకేతుడు మందుల గదిలో బోర్లా పడుకున్నాడు. సూది దిగింది. నొప్పి పుట్టింది. పళ్ళ మధ్య తోలుముక్క కరిచిపెట్టి నూరు లెక్కపెడదామనుకున్నాడు. అరవై దాటకుండానే నాగార్యుడు, “అయింది, లెండి,” అన్నాడు.

“అంతేనా?”

“అంతే.”

రణకేతుడు లేవలేదు. ముఖం చాపలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నొప్పికి అతను ఏడవలేదు. ఇంతే అయినందుకు ఏడ్చాడు.

కొత్త మొలకలు నాటేముందు నాగార్యుడు కావలివాళ్ళకు ఈసారి సగం మోతాదు మందే ఇచ్చాడు, కొత్తవాళ్ళు కుదురుకునేదాకా కాస్త మత్తుగా ఉండటానికి. మొలకలు ఎముకల్లో వేళ్ళూనాయి, ఊటలు పడ్డాయి. కానీ పదిహేనో రోజున కనకవల్లి అరచేతులు, అరికాళ్ళు ఎర్రగా దద్దురులెక్కాయి. తిన్నది కడుపులో నిలవలేదు. కాటుక ఒక్కసారికే మిగిలింది.

లోపల అడుగుపెట్టగానే రణకేతుడికి తన గొంతే వినిపించింది. “ఎవర్రా మీరు? ఎవరి అనుమతితో ఇక్కడున్నారు? ఇది ఇప్పుడు మా కోట!” అరుస్తున్నది కొత్తగా పుట్టిన కావలివాళ్ళు. అందరికీ అతని ముక్కు, అతని నడక, అతని రుబాబు. చర్మం నేసే పాత నేతగాళ్ళను మగ్గాల మీదనుంచి లాగి కొడుతున్నారు. పొట్ట వీధిలో వంటవాళ్ళ కుండలు పగలగొడుతున్నారు. వాళ్ళను చూస్తుంటే రణకేతుడికి నేలలో దూరిపోవాలనిపించింది. బయట తను ఇలాగే ఉండేవాడు కాబోలు.

సూరప్పడు గోడవార కూర్చుని వాచిన దవడ పట్టుకున్నాడు. “నీ పిల్లలే బాబూ. పనిమంతులే, కాదన్ను. పోగూ కలిసింది. ఏదో ఇసుమంత తేడా, అన్నకీ సెల్లికీ ఉండే తేడా. దాన్ని పట్టుకుని ఊరంతా పరాయిదంటన్నారు. ఇంతకుముందు మేం గెంటినాం. ఇప్పుడు మీవోళ్ళు మమ్మల్ని గెంటతన్నారు.”

రణకేతుడు వీధి మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. కొత్తవాళ్ళు అతన్ని చూసి, “మా దొర వచ్చాడు!” అని కేరింతలు కొట్టారు.

“నేను దొరను కాను,” అన్నాడతను. “ఈ ఇల్లు మీరు గెలిచింది కాదు. మీరు రావలసిన రోజుకు తొంభై రోజులకు పైగా ఆలస్యంగా వచ్చారు, అదీ నా పిరికితనం వల్ల. ఆ రోజులన్నీ ఈ నేతగాళ్ళు చిరుగులు కుట్టుకుంటూ నెట్టుకొచ్చారు. ఆ ముసలాయన చేతులు లేవకపోయినా కర్ర అందుకోబోయాడు. మీకు ఇక్కడ చోటిచ్చారు. చోటిచ్చినవాళ్ళ మీద చెయ్యెత్తడానికి మీకు నా ముఖమే దొరికిందా?”

వాళ్ళలో ఒకడు చేతిలో కర్ర దించాడు. ఇంకొకడు విరిగిన కుండపెంకులు ఏరడం మొదలెట్టాడు. సూరప్పడు మెల్లగా లేచి, అందరికంటే ఎక్కువ అరిచిన కుర్రకావలివాడి చెయ్యి పట్టుకున్నాడు. “రారా అబ్బాయా, ఇల్లిల్లూ తిప్పి సూపిస్తాను. ఇది కాలేయం అమ్మగారిల్లు, సెప్పులిప్పి రా. ఇది నేతవాడ, ఇక్కడ అరవకు.” అలా వీధి వీధీ తిప్పాడు. తర్వాత తన తెల్లపాగా విప్పి వాడి తలకు చుట్టాడు. “నాకు వొయసైపోనాది. ఇంక నువ్వు సూసుకో,” అన్నాడు.

ఆ పని ఒక్కరోజులో కాలేదు. మూడు నెలలు పట్టింది. నాగార్యుడు మందు చుక్క చుక్కగా తగ్గిస్తూ వచ్చాడు. కనకవల్లి అరచేతులు చల్లబడ్డాయి, అన్నం ఇమిడింది. ఒకనాడు ఆమె ఒంటరిగా కోట బురుజు ఎక్కి దిగింది. అన్నతో మాత్రం అవసరానికి మించి ఒక్కమాట మాట్లాడలేదు.

మహారాజు నిండుకొలువు పెట్టాడు. ఎన్నాళ్ళ కిందటో నిర్ణయమైన పట్టాభిషేకం అది, యువరాజుకు రాజ్యం అప్పగించడానికి. నిజం తెలిసినా, ఇంటి గుట్టు వీధిన వేసుకోవడం ఇష్టంలేక ఆయన నోరు మెదపలేదు. భట్రాజులు లేచి కరాళుడి వధ పాట ఎత్తుకున్నారు. రాక్షసుడి తల తెగే చరణం దగ్గరకు వచ్చేసరికి రణకేతుడు చెయ్యెత్తాడు.

“ఆపండి. ఆ తల తెగలేదు. ఇప్పటికీ వాడి మెడ మీదే ఉంది. వాడు మొలకలకు నీళ్ళు పోసుకుంటున్నాడు.”

ఎవరో నవ్వారు. హాస్యమనుకున్నారు. రణకేతుడు కొలువు మధ్యకు వచ్చి మొదటినుంచీ చెప్పాడు. పళ్ళెంలో కలిసిన పోగులు, గౌళి అవ్వకు చెప్పిన అబద్ధం, డాలు మీద బండరాతి సొట్టలు, పరాయి మొలకకు కట్టిన తన పోగు, నిద్రమందు, ముల్లు. ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ చెవులు మండుతూనే ఉన్నాయి. అయినా ఆపలేదు. కొలువులో పెట్టిన ఆ డాలుకు పూలదండ వేసిన ముసలి సేనాపతి లేచివెళ్ళి ఆ దండ తీసేశాడు.

“పట్టానికి నేను తగను,” అన్నాడు రణకేతుడు. “ఆ సింహాసనం నా చెల్లెలిది.”

మహారాజు కూతురివైపు చూశాడు. కనకవల్లి లేచి నిలబడింది. ఆమె చెంపలు నిజంగానే ఎర్రగా ఉన్నాయి, ఎక్కువ భాగం కోపంతో.

“నాన్నగారూ, నాకింకా కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలియదు. కానీ ఇంతమందిలో ఇంత చెప్పడం ఆ సూదికంటే తేలికేమీ కాదు, అది నాకు తెలుస్తోంది. తెలియకేం? ఇప్పుడు నా ఒంట్లో తిరిగేది ఆయన నెత్తురేగా! అది వచ్చాక చేదుమందు చూస్తే నాకూ కాళ్ళు వణుకుతున్నాయి.”

కొలువంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. రణకేతుడికి నవ్వు రాలేదు కానీ, తలెత్తగలిగాడు.

“పట్టం నాకు కట్టండి. ఆయనకు పని నేను చెప్తాను,” అంది కనకవల్లి. “ఈ రాజ్యంలో ఎన్ని ఇళ్ళలో పోగులు కలిసీ, సూదికి జడిసి, కలవలేదని చెప్పుకుంటున్నారో! ఊరూరూ వెళ్ళు. అలాంటివాళ్ళ పక్కన కూర్చో. తిట్టకు, నవ్వకు. నీ సంగతి చెప్పు. సూది దిగుతున్నంతసేపూ వాళ్ళ చెయ్యి పట్టుకో.”

“చిత్తం మహారాణీ,” అన్నాడు రణకేతుడు.

మర్నాడు తెల్లవారుతూనే అతను కాలినడకన బయలుదేరాడు. ఈసారి వీధుల్లో ఎవరూ లేరు. పాటలు లేవు. పాలు తెస్తున్న ఒక ముసలమ్మ అతన్ని చూసి ముఖం తిప్పుకుంది. అతను నమస్కారం చేసి ముందుకు నడిచాడు. కోట వాకిలి దాటబోతుండగా వెనక పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది. కనకవల్లి. మెట్లన్నీ ఆగకుండా దిగివచ్చింది. కొంచెం కూడా ఆయాసపడటం లేదు.

చేతిలో ఉన్న చద్దిమూట అతని భుజానికి తగిలించింది. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉంది.

“మొదటి ఊరు ఎంత దూరం?”

“రెండు రోజులు.”

“తొందరగా పూర్తిచేసుకుని రా అన్నా,” అంది. “నీతో పోట్లాడాల్సింది చాలా ఉంది. నువ్వు లేకపోతే ఎవరితో పోట్లాడను?”

కనకవల్లి మహారాణి మేఘవంకను ముప్పైరెండేళ్ళు చల్లగా ఏలింది. ఆమె అన్న ఏటా నూరు ఊళ్ళు తిరిగేవాడు, ఏడాదికి ఒక్కసారి ఇంటికి వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా ఇద్దరూ తనివితీరా పోట్లాడుకునేవారు. వాళ్ళ కేకలు వినిపిస్తే, మహారాణి ఆరోగ్యంగా ఉందని కోట బయట జనం నిశ్చింతగా పనుల్లోకి పోయేవారు.